పాత సలహా, కొత్త పుల్లీ

కర్నూలు నుంచి కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి మీద, నంద్యాల, ఆళ్లగడ్డ దాటినాక వచ్చే పెద్ద ఊరు చాగలమర్రి. నంద్యాల జిల్లా ఇక్కడితో అయిపోతుంది. అవతల దువ్వూరు, మైదుకూరు, అంతా కడప జిల్లా. పాత మేస్త్రీల నోట ఇది ఇప్పటికీ 18వ నంబరు రోడ్డే. తిరుపతికి పోయే కార్లు, అహోబిలం మొక్కు తీర్చుకొని తిరిగొచ్చే కార్లు పగలూ రాత్రీ పోతూనే ఉంటాయి. వాటిలో ఒకటి ఆగిందంటే చాలు, మెకానిక్కు కంటే ముందు దాని దగ్గరికి సలహా చేరుతుంది. టీ కొట్టు బెంచీ మీది నుంచి ఒకరు లేచి వస్తారు, పక్కన ఆపిన లారీ దిగి ఇంకొకరు వస్తారు. వాళ్లది మంచి మనసే, సాయం చేద్దామనే వస్తారు. అయినా ఆ సలహాల్లో కొన్ని ఇంజిన్లను చంపుతాయి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేవి క్రాంక్ పుల్లీ గురించి చెప్పేవి. ఇంజిన్ ముందు వైపు, క్రాంక్ షాఫ్టు ముక్కుకు బిగించిన చక్రం అది. డైనమో, ఏసీ కంప్రెసర్, చాలా బండ్లలో వాటర్ పంపు, కొన్నిట్లో స్టీరింగ్ పంపు దాని మీది బెల్టుతోనే తిరుగుతాయి. నడిమధ్య ఒక పెద్ద బోల్టు ఉంటుంది. పని చూస్తే చిన్నది. బోల్టు విప్పి, చక్రం లాగి, మళ్లీ పెట్టి బిగించడమే. కానీ ఈ పనిలో జరిగిన తప్పు వెంటనే బయటపడదు. బండి స్టార్టవుతుంది, చప్పుడు లేకుండా పోతుంది, ఓనరు డబ్బులిచ్చి దండం పెట్టి పోతాడు. వెయ్యి కిలోమీటర్లు తిరిగినాక ఎక్కడో రోడ్డు మధ్యలో ఇంజిన్ గుండె ఆగుతుంది. అప్పటికి సలహా ఇచ్చిన మనిషీ ఉండడు, ఆ సలహా గుర్తూ ఉండదు.

ఈ సలహాలు తెలివి తక్కువతో పుట్టినవి కావు. చాలావరకు అంబాసిడర్ కాలంలో పుట్టినవి. 1489 సీసీ పెట్రోలు అంబాసిడర్‌లో పుల్లీ గట్టి ఇనుప చక్రం. దాని ముందు హ్యాండిల్ తిప్పడానికి గాళ్లున్న పెద్ద నట్టు, నట్టు కింద అంచు మడిచే లాక్ వాషరు, లోపల టైమింగ్ చైను. ఆ ఇంజిన్ సుత్తి దెబ్బకు ఓర్చుకునేది, చేతి లెక్కకు సర్దుకునేది. ఆ బండి తయారీ 2014లో ఆగిపోయింది. దాని సలహాలు మాత్రం ఆగలేదు, స్విఫ్టులకూ ఇన్నోవాలకూ వచ్చేశాయి. అందుకే షెడ్డులో కొత్తగా చేరిన తమ్ముళ్ల కోసం, బండి పక్కన నిలబడి చూసే ఓనర్ల కోసం, నేను ఎక్కువసార్లు విన్న తప్పుడు సలహాలు ఎనిమిది ఇక్కడ పెడుతున్నాను. ప్రతి దాని కింద అదెందుకు తప్పో, బదులుగా ఏం చేయాలో రాశాను.

1. "రాకపోతే సుత్తితో నాలుగు తగిలించు, అదే ఊడొస్తాది"

పుల్లీ మీద పడిన దెబ్బ పుల్లీతో ఆగదు. క్రాంక్ షాఫ్టు ముందుకూ వెనక్కూ జరగకుండా లోపల థ్రస్ట్ వాషర్లు కాపు కాస్తుంటాయి. వాటి దగ్గర ఉండే సందు మిల్లీమీటరులో పదో వంతో, రెండు మూడు పదో వంతులో. సుత్తి దెబ్బ నేరుగా వాటి మీదికి పోతుంది. పుల్లీ అంచు కూడా పెచ్చు లేస్తుంది. ఆ పెచ్చు మీదుగా తిరిగే బెల్టు నెల తిరక్కుండానే పోగులు పోగులుగా ఊడుతుంది. కొన్ని ఇంజిన్లలో క్రాంక్ సెన్సారు చదివే పళ్ల చక్రం పుల్లీతో కలిసే ఉంటుంది. అందులో ఒక్క పన్ను వంగితే బండి స్టార్టు కాదు, కారణమేమిటో తెలియక వైరింగంతా వెతుకుతారు.

పుల్లర్ వాడాలి. అదీ ఎక్కడ పట్టిస్తున్నామో చూసుకొని వాడాలి. పుల్లీ నడుమ, బోల్టు చుట్టూ, రెండో మూడో మరలున్న రంధ్రాలు ఉంటే అవి పుల్లర్ బోల్టుల కోసం పెట్టినవే. వాటిని వదిలి బయటి అంచుకు కొక్కేలు తగిలించి లాగితే నడుమనున్న రబ్బరు చీలుతుంది. రబ్బరు సంగతి మూడో సలహాలో చెబుతాను.

2. "రాడ్డు ఛాసిస్‌కు ఆనించి స్టార్టర్ కొట్టు, బోల్టు లూజయితాది"

నిజంగానే లూజవుతుంది, అందుకే ఈ సలహా ఇంతకాలం బతికింది. కానీ రాడ్డు జారితే రేడియేటరు పోతుంది, లేదా మనిషి చెయ్యి పోతుంది. ఇంజిన్ అంటుకుంటే రాడ్డు ఎటు ఎగురుతుందో చెప్పలేం. పైగా ఇంజిన్లన్నీ ఒకే వైపు తిరగవు, బోల్టులన్నిటికీ కుడి మర ఉండదు. ఎడమ మర బోల్టుకు ఈ పని చేస్తే అది వదలదు సరికదా, ఇంకా బిగిసి తెగుతుంది.

క్రాంకును తిరగకుండా పట్టుకోవడానికి వాడకూడనివి మరో మూడు ఉన్నాయి. స్క్రూడ్రైవరు ఫ్లైవీల్ పళ్లలో దూర్చకండి, పన్ను విరుగుతుంది, లేదంటే చుట్టూ ఉన్న అల్యూమినియం గూడు పగులుతుంది. టైమింగ్ బెల్టును అడ్డం పెట్టి బిగించకండి, పళ్లు తెగే పని అక్కడే మొదలవుతుంది. టైమింగ్ పిన్నులు గుర్తు నిలబెట్టడానికే తప్ప బలం ఆపడానికి కావు. పుల్లీనో ఫ్లైవీల్‌నో పట్టే సాధనం ఆ ఇంజిన్‌కు తగినది దొరికితే అదే మేలు. రోడ్డు పక్కన అది లేనప్పుడు, మాన్యువల్ గేరు బండి అయితే, పై గేరులో వేసి, లోపల ఒక మనిషిని కూర్చోబెట్టి బ్రేకు గట్టిగా తొక్కించండి. ముందు బ్యాటరీ నెగటివ్ తీసి పక్కన పెట్టండి. చక్రం తీసి చేసే పని అయితే జాకీని నమ్మి కిందకు దూరకండి, స్టాండు పెట్టండి.

3. "పుల్లీ అంటే ఇనుప చక్రమే గదా, ఏదైనా సరిపోతాది"

ఇది అంబాసిడర్ మాట. ఈ రోజు చాలా డీజిల్ ఇంజిన్లలో, ఎన్నో పెట్రోలు ఇంజిన్లలో పుల్లీ ఒక చక్రం కాదు, రెండు. లోపల హబ్బు, బయట బరువైన రింగు, నడుమ రబ్బరు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 100 సార్లు పేలుడు జరుగుతుంది. ప్రతి పేలుడుకూ క్రాంకు ఒక వెంట్రుకవాసి మెలి తిరిగి వెనక్కి వస్తుంది. ఆ మెలిక ఎక్కువగా కనిపించేది ముక్కు దగ్గరే. దాన్ని మింగే పని ఆ రబ్బరుది, బయటి రింగు బరువుది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో లాంచెస్టర్ లాంటి ఇంజినీర్లు పొడవాటి క్రాంకులు విరగకుండా ఉండేందుకు కనిపెట్టిన ఉపాయం ఇది.

మా ఎండల్లో బానెట్ కింద ఆ రబ్బరు ఉడుకుతుంది. సీలు కారి ఆయిల్ పడితే ఉబ్బుతుంది. ముదిరి పగుళ్లిచ్చినాక బయటి రింగు హబ్బు మీద జారడం మొదలుపెడుతుంది. అప్పుడు రింగు మీదున్న టైమింగ్ గుర్తు అబద్ధం చెబుతుంది. ఆ గుర్తును నమ్మి టైమింగ్ పెట్టినవాడు ఎంత శ్రద్ధగా పెట్టినా తప్పే పెడతాడు.

దీన్ని కనిపెట్టడానికి ఖర్చు లేదు. హబ్బు మీద మొదలుపెట్టి రబ్బరు మీదుగా బయటి రింగు దాకా తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. బండి నాలుగు రోజులు తిరిగినాక చూడండి. గీత నిటారుగా ఉంటే పుల్లీ బతికి ఉంది, విరిగితే మార్చాల్సిందే. తుక్కు దుకాణంలో పుల్లీ కొనాల్సి వస్తే రబ్బరును గోటితో నొక్కి చూడండి. రాయిలా గట్టిగా ఉన్నా, గోరు దిగబడేంత మెత్తబడినా వదిలేయండి.

4. "కీ ఉంది గదా, పుల్లీని అదే పట్టుకుంటాది"

క్రాంకు ముక్కు గాడిలో కూర్చునే అర్ధచంద్రాకారపు ముక్కను మనం కీ అంటాం. దాని పని పుల్లీని సరైన చోట నిలబెట్టడం. బరువు మోసేది అది కాదు. బోల్టు బిగింపు వల్ల పుల్లీ హబ్బు, దాని వెనకున్న టైమింగ్ పళ్ల చక్రం, క్రాంకు అంచు ఒకదానికొకటి అదుముకుంటాయి. ఆ రాపిడే బరువంతా మోస్తుంది. బిగింపు తగ్గిన మరుక్షణం సెకనుకు వంద గుద్దులు కీ మీదికి వస్తాయి. కీ అరుగుతుంది, తర్వాత గాడి వెడల్పవుతుంది. గాడి పోయిందంటే క్రాంకే పోయినట్టు.

వెడల్పయిన గాడిలో రేకు ముక్క దూర్చి బిగించమనే సలహా కూడా విన్నాను. అది పుండు మీద గుడ్డ కప్పినట్టే. ఫోర్డు వంటి కంపెనీల కొన్ని ఇంజిన్లలో అసలు కీయే ఉండదు, అంతా బిగింపు మీదే ఆధారం. అలాంటి ఇంజిన్ బోల్టును టైమింగ్ పిన్నులు పెట్టకుండా విప్పితే క్రాంకుకూ, వాల్వులు తెరిచే క్యాముకూ ఉన్న లంకె తెగిపోతుంది. కీ లేదని తెలుసుకోవడం బోల్టు విప్పక ముందు చేయాల్సిన పని.

5. "సీలు కొత్తది వేసినాం, ఇంక కారదు"

చాలా ఇంజిన్లలో పుల్లీ హబ్బు గొట్టం తిరిగేది ఆయిల్ సీలు పెదవి మీద. ఏళ్ల తరబడి తిరిగిన చోట గొట్టం మీద సన్నటి గాడి పడుతుంది. వేలి గోరు అక్కడ తట్టుకుంటే, కొత్త సీలు వేసినా ఆ గాడిలోంచి ఆయిల్ దారి చేసుకుంటుంది. గాడి తక్కువగా ఉంటే, వెనక చోటుంటే, సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి కూర్చోబెట్టండి, పెదవి కొత్త చోట ఆనుతుంది. ఎక్కువగా ఉంటే పలుచటి స్టీలు తొడుగు వేయాలి, లేదా పుల్లీ మార్చాలి. పుస్తకం పొడిగా వేయమనకపోతే, ఎక్కించే ముందు సీలు పెదవికి ఇంజిన్ ఆయిల్ పూయడం మరిచిపోవద్దు. ఎండు పెదవి తొందరగా దెబ్బతింటుంది.

6. "త్రెడ్డుకు గ్రీజు దండిగా పూయి, బాగా బిగుస్తాది"

ఈ మాట వినడానికి బాగుంటుంది, నేనూ చాన్నాళ్లు నమ్మాను. మనం పానా మీద పెట్టే బలంలో దాదాపు పదో వంతే బోల్టును సాగదీసి బిగింపుగా మారుతుంది. మిగతాదంతా తల కింది రాపిడికీ మరల రాపిడికీ పోతుంది. గ్రీజు పూస్తే ఆ రాపిడి తగ్గుతుంది, కంపెనీ పుస్తకంలో ఇచ్చిన అదే బిగింపు అంకెకు బోల్టు చాలా ఎక్కువ సాగుతుంది. కంపెనీ పొడి మరకు ఇచ్చిన అంకెను గ్రీజు మరకు వాడితే బోల్టు దాని ఓపిక దాటిపోతుంది. నూనె పూసి బిగించాలని రాసిన ఇంజిన్‌లో పొడిగా బిగిస్తే అంకె వస్తుంది గాని బిగింపు రాదు. పూయమన్న చోటే, పూయమన్నదే పూయాలి. ఏమీ రాయకపోతే మరలు బ్రష్షుతో తుడిచి, మరలకు అంటుకున్న పాత లాకింగ్ మందు గీకి, పొడిగా బిగించాలి.

పుల్లీ వెనక అంచు మాటకొస్తే అక్కడ పెయింటు, తుప్పు, జిడ్డు ఏవీ ఉండకూడదు. కీ లేని ఇంజిన్లలో మరీ ముఖ్యం. అక్కడి నూనె చుక్క ఆ ఇంజిన్‌కు విషం.

7. "మన చెయ్యే కొలత, టార్క్ రెంచి ఎందుకు?"

అసలైన తప్పు ఇదే, మిగతావన్నీ దీని పిల్లలు. నాకు ఇది చెప్పింది పుస్తకం కాదు, నా చేతులే.

చాలా ఏళ్ల కిందట ఒక చిన్న పెట్రోలు కారుకు టైమింగ్ బెల్టు మార్చాను. కుటుంబమంతా ఆ రాత్రికి తిరుపతి బయలుదేరాలి, తొందరలో ఉన్నారు. మధ్య బోల్టును నా అలవాటు చొప్పున బిగించాను. చెయ్యి "చాలు" అంది, నేనూ చాలన్నాను. పోయేటప్పుడు బండి బాగానే పోయింది. తిరిగొచ్చేటప్పుడు మైదుకూరు ఇవతల ఆగిపోయింది, తాడు కట్టి తెచ్చారు. విప్పి చూస్తే కీ సగానికి అరిగి ఉంది, గాడి నోరు తెరుచుకొని ఉంది. ఆ ఇంటి పెద్దాయన నన్ను ఒక్క మాటా అనలేదు. గుండు చేయించుకున్న చిన్న పిల్ల ఎండలో కూర్చొని నీళ్లు తాగుతూ నా వైపు చూసింది. ఆ క్రాంకు ఖర్చు నేను పెట్టుకున్నాను. ఆ చూపు మాత్రం ఇప్పటికీ నాతోనే ఉంది. అప్పటి నుంచి నా చేతిని నేను నమ్మలేదు.

లెక్క చూడండి. మీ ఇంజిన్ పుస్తకం మధ్య బోల్టుకు 150 న్యూటన్ మీటర్లు అడిగిందనుకుందాం. అర మీటరు రాడ్డు చివర సుమారు 30 కిలోల బరువు మోపితే ఆ అంకె వస్తుంది. అదే రాడ్డుకు మీటరున్నర పైపు తొడిగి 60 కిలోల మనిషి వేలాడితే 880 దాటుతుంది. అంటే అడిగినదానికి దాదాపు ఆరు రెట్లు. అంత బలానికి బోల్టు ఒక్కసారిగా తెగకపోవచ్చు. సాగి, సన్నబడి, లోపల పట్టు చచ్చిపోయి ఉంటుంది. పైకి మాత్రం గట్టిగానే కనిపిస్తుంది. గాలి గన్ను సంగతీ ఇంతే. విప్పడానికి గన్ను మంచిదే, బిగించడానికి కాదు. గన్ను చప్పుడు వినిపిస్తుంది, బిగింపు కనిపించదు.

కొన్ని బోల్టులకు అంకె ఒక్కటే చాలదు. మొదట కొంత బిగించి, ఆ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పమని ఉంటుంది. అలాంటి చోట బోల్టు తల మీద పెయింటు చుక్క పెట్టుకొని కోణం చూసుకోవాలి. ఇవి సాగే బోల్టులు. ఒకసారి సాగింది మళ్లీ అలా సాగదు. కొత్తది వేయమని పుస్తకంలో ఉంటే కొత్తదే వేయాలి. పాత బోల్టే వాడితే మిగిలే డబ్బు క్రాంకు ఖర్చు ముందు ఏపాటిదీ కాదు.

పెట్టిన అంకె రాగానే టిక్కుమనే టార్క్ రెంచి కొనడం ఒక్కరికి బరువనిపిస్తే పక్కపక్కనున్న మూడు షెడ్లు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. పని అయినాక దాన్ని అన్నిటికంటే తక్కువ అంకె మీదికి దించి పెట్టెలో పెట్టండి. ఏడాదికో, 5000 బిగింపులకో ఒకసారి సరి చూపించండి. ఈలోగా మోటు పరీక్ష ఒకటి ఉంది. రెంచి తలను వైసులో బిగించి, పిడిని నేలకు అడ్డంగా ఉంచి, తల మధ్య నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో 25 కిలోల బియ్యం సంచి తగిలించండి. అది 147 న్యూటన్ మీటర్లకు సమానం, రెంచి సొంత బరువు వల్ల కాస్త ఎక్కువ. మీ రెంచి 110 పెట్టినప్పుడు కూడా టిక్కుమనకపోయినా, 190 పెట్టినా టిక్కుమంటున్నా దాన్ని నమ్మకండి.

8. "అరుస్తాంటే బెల్టుకు సబ్బు పూయి"

పుల్లీ మార్చినాక బెల్టు అరిస్తే అది ఫిర్యాదు చేస్తోందని అర్థం. సబ్బు ఆ నోరు నొక్కుతుందే తప్ప రోగం నయం చేయదు. చాలాసార్లు పుల్లీ పూర్తిగా కూర్చొని ఉండదు. కీ అంచు మీద ఎక్కి ఉంటుంది, లేదా వెనక మట్టి రేణువు పడి ఉంటుంది. ఇంజిన్ ఆపి, క్రాంక్ పుల్లీ ముఖానికీ దాని పక్క పుల్లీ ముఖానికీ కలిపి ఒక నేరు స్కేలు పెట్టండి. ముఖాలు ఒకే వరుసలో ఉండాల్సిన చోట ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా విప్పి చూడండి. తర్వాత ఇంజిన్ నడుపుతూ, చేతులూ చొక్కా కొంగులూ దూరంగా ఉంచి, పక్క నుంచి చూడండి. పుల్లీ అంచు తల ఊపకూడదు.

పని వరుస

పుస్తకం తీసి మర ఎటు తిరుగుతుందో, కీ ఉందో లేదో, అంకె ఎంతో, బోల్టు కొత్తది కావాలో చూసుకోండి. బ్యాటరీ తీసి, బండిని స్టాండు మీద నిలబెట్టండి. బెల్టు ఏ దారిన పోయిందో ఫోన్లో ఫోటో తీసుకోండి. క్రాంకును సరిగా పట్టించి బోల్టు విప్పి, పుల్లర్‌తో పుల్లీ లాగండి. కీ, గాడి, సీలు చోటు, రబ్బరు నాలుగూ చూడండి. అంచులు తుడిచి, సీలుకు ఆయిల్ పూసి, పుల్లీని చేత్తోనే కీ మీదికి పోనివ్వండి. చేతికి రాని బిగువు పుల్లీ అయితే ఎక్కించే సాధనం వాడండి. రెండు మూడు మరలకే పట్టిన బోల్టుతో దాన్ని లోపలికి లాగితే క్రాంకు మరలు ఊడిపోతాయి. అంకెకు బిగించండి. టైమింగ్ విప్పి ఉంటే, స్టార్టర్ ముట్టక ముందు, ఇంజిన్‌ను నడిచే దిక్కులోనే చేత్తో రెండు నిండు చుట్లు తిప్పండి. క్రాంకు రెండు తిరిగితే క్యాము ఒకటి తిరుగుతుంది, గుర్తులన్నీ మళ్లీ కలవాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపండి. అక్కడ తగులుతున్నది పిస్టనూ వాల్వూ కావచ్చు.

చివరిగా ఒక్క మాట. ఈ ఎనిమిది సలహాల్లో దేనికీ బండి పేరు లేదు, గమనించారా? "సుత్తితో కొట్టు" అంటారు గాని ఏ ఇంజిన్‌కో చెప్పరు. ఒకప్పుడు చెప్పాల్సిన అవసరం రాలేదు, రోడ్డు మీద తిరిగేవి రెండు మూడు రకాల బండ్లే కాబట్టి. ఇప్పుడు పేరు లేని సలహా ఎవరు చెప్పినా, ఎంత పెద్ద మేస్త్రీ చెప్పినా, నమ్మదగింది కాదు.

మన షెడ్ల గోడల నిండా ఫోన్ నంబర్లే రాసుంటాం. అందులో ఒక గోడ ఖాళీ చేయండి. మీ దగ్గరికి ఎక్కువగా వచ్చే ఇంజిన్ల పేర్లు, ఏ సంవత్సరం మోడలో, పుల్లీ బోల్టు అంకె ఎంతో, కోణం ఉందో లేదో, నూనె పూయాలో లేదో పెయింటుతో పెద్ద అక్షరాలతో రాయండి. షెడ్డులో చేరిన పిల్లవాడికి మొదటి రోజే ఆ గోడ చూపించండి. పదేళ్ల తర్వాత బండ్లు మారతాయి. అప్పుడు వాడే ఆ అంకెలు తుడిచి కొత్తవి రాస్తాడు.

మా మేస్త్రీలు నాకు తమ చేతి లెక్క ఇచ్చారు, అంతకు మించి వాళ్ల దగ్గర ఏమీ లేదు. మన దగ్గర అంకె ఉంది. దాన్ని గోడ మీద రాసి పిల్లలకిద్దాం.